బదిలీ ముక్కు

మా ఆయన ముక్కు మీద నాకు పోయిన దీపావళి నుంచి కోపం. విజయశ్రీకి కోపం ముక్కు మీదే ఉంటుందని సూరత్ పక్కన జోల్వాలో మా లైను గదులవాళ్ళంతా అంటారు. అననివ్వండి. అంబదాస్ ముక్కుతో కాపురం చేస్తే వాళ్ళకూ తెలిసేది.

దీపావళికి ముందు కుడి వైపు ముక్కు మూసుకుపోయింది. ఎడమ వైపు బాగానే ఉంది. మరమగ్గాల దగ్గర, మా మాటలో సాంచాల దగ్గర, పనిచేసేవాడికి ముక్కు మూసుకుపోతే దాన్ని జబ్బని ఎవరంటారు? షెడ్డు నిండా నూలు దుమ్ము. పన్నెండు గంటల పాళీ చేసి వచ్చిన మనిషి తుమ్మితే తెల్లటి నూగు రాలుతుంది. అందుకని ఆయన పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. దగ్గర్లో ఉన్న ఒక డాక్టరు మాస్కు కిందికి దించమని కూడా అనకుండా, డస్ట్ ఎలర్జీ అని తేల్చేసి ముక్కులో కొట్టుకునే మందు రాశాడు. ముక్కు చూడకుండా ముక్కు జబ్బు చెప్పిన ఆ మహానుభావుణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది.

జనవరిలో వాసన పోయింది. నేను నీళ్ళ కోసం బయటికి వెళ్ళి వచ్చేసరికి పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడింది. ఆయన రెండడుగుల దూరంలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

"పాలు మాడి లైనంత కంపు కొడ్తున్నది, నీకు తెలుస్తలేదా?" అని అరిచాను.

"ఏం కంపు? నాకేం రాలే," అన్నాడు.

వాసన పోయిందంటే కరోనా అని అప్పటికి పిల్లలకు కూడా తెలుసు. "నోర్మూసుకో. ఈ మాట ఎవలకన్న చెప్తే కార్ఖానాల అడుగు పెట్టనియ్యరు," అన్నాను. ఆయన నోరు మూసుకున్నాడు. ఆయనలో ఉన్న ఒకే ఒక్క సుగుణం అది, నేను చెప్పింది వింటాడు. అదే మా కొంప ముంచింది.

ఫిబ్రవరిలో రక్తం రావడం మొదలైంది. అదీ కుడి వైపు నుంచే. వంగి చెప్పులు వేసుకుంటే చాలు, టపటపా రాలేది. సాంచా కింద పడి ఉండే తెగిన నూలు ఉండ చుట్టి ముక్కులో కుక్కుకుని పని చేసేవాడు. నేను దిండు గలీబులు ఉతికి ఉతికి విసిగిపోయి, "వేడి చేసింది, మజ్జిగ తాగు," అన్నాను. నేనేమీ డాక్టర్ని కాదు, ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అతికించేదాన్ని. కానీ ఒకే వైపు మూసుకుపోయి, ఒకే వైపు నుంచి రక్తం వస్తుంటే ఏదో తేడా ఉందని ఎవరికైనా తోచాలి. నాకు తోచలేదు.

మార్చిలో కరోనా మళ్ళీ విరుచుకుపడింది. కార్ఖానా గేటు దగ్గర టెంటు వేశారు. వారానికోసారి ముక్కులో పుల్ల పెట్టించుకోవాలి, ఫోనుకు నెగెటివ్ అని మెసేజ్ వస్తేనే లోపలికి పోనిస్తారు. మొదటి వారం ఆ పుల్ల పెట్టేవాడు సరిగ్గా కుడి ముక్కులోనే పొడిచాడు. రక్తం బుడబుడమని వచ్చి మాస్కు తడిసిపోయింది. లైన్లో నిలబడ్డవాళ్ళు చెల్లాచెదురుగా పరుగెత్తారు. రిపోర్టు నెగెటివ్ వచ్చినా కార్ఖానా మాస్టరు వినలేదు. బీమారీ మనిషివి, ఎనిమిది రోజులు ఇటు రావద్దని వెళ్ళగొట్టాడు.

మళ్ళీ పుల్ల పెట్టించుకుంటే మళ్ళీ రక్తం, మళ్ళీ గెంటేస్తారు. అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది.

సూరత్‌లో సాంచాల దగ్గర బదిలీ అన్నది రోజూ ఉండేదే. ఒకడికి జ్వరం వచ్చినా, ఊరికి పోవాల్సి వచ్చినా తన పేరు మీద ఇంకొకణ్ణి పంపుతాడు. రిజిస్టరులో పేరు అసలువాడిది, సాంచా దగ్గర నిలబడేది బదిలీవాడు. బట్ట దిగితే చాలు, ఎవరు దింపారని మాస్టరు అడగడు. మా ఆయన పగలు నడిపే సాంచాలనే రాత్రి పాళీలో చిరంజీవి నడుపుతాడు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన కుర్రవాడు, పెళ్ళి కాలేదు, మా లైనులో చివరి గదిలో ఉంటాడు. ఇద్దరూ జోడీ. ఏడాదిలో ఎన్నోసార్లు ఒకరికొకరు బదిలీ వెళ్ళారు.

"జోడీగాడు ఎందుకున్నడు? పాళీకి బదిలీ వస్తడు, ముక్కుకు రాడా?" అన్నాను.

ఇది నేనన్న మాట. అంబదాస్ అనలేదు, చిరంజీవి అనలేదు. ఆ రోజు ముగ్గురం నవ్వుకున్నాం కూడా.

చిరంజీవి సోమవారం తన పేరు మీద ముక్కు ఇచ్చాడు. నెగెటివ్ వచ్చింది. గురువారం పొద్దున పాళీ దిగి, మాస్కు కళ్ళ దాకా లాక్కుని, మా ఆయన ఆధార్ జిరాక్సు పట్టుకుని మా ఆయన పేరు మీద ముక్కు ఇచ్చాడు. శనివారం మా ఆయన ఫోనుకు పాజిటివ్ అని మెసేజ్ వచ్చింది.

మా తలుపుకు కాగితం అంటించారు. కరోనా లేని మా ఆయన పద్నాలుగు రోజులు గదిలో కూర్చున్నాడు. జబ్బున్న చిరంజీవి మాత్రం సోమవారం నాటి నెగెటివ్ మెసేజ్ చూపించి రోజూ పాళీకి వెళ్ళాడు. "జర ఒళ్ళు వెచ్చగున్నది వదినా, గోలీ వేసుకున్న," అన్నాడు. పోవద్దు అని నేను అనలేదు. అంటే సంగతి బయటపడుతుంది, ఇద్దరి పనీ పోతుంది. వాడికి నాలుగు రోజుల్లో తగ్గిపోయింది.

వాడి సాంచాకు బీమ్, అంటే పడుగు నూలు చుట్టిన రోలరు, అయిపోతే కొత్త బీమ్ పోగుల్ని పాత పోగులకు ఒక్కొక్కటే అతికేది కనకయ్య పెద్దబాపు. మాకు చుట్టం కాదు, కానీ మా గదికి నాలుగో గది, అందరికీ పెద్దబాపే. అతుకు వేసేటప్పుడు ఇద్దరూ మోకాళ్ళు తాకేంత దగ్గరగా కూర్చుంటారు. సాంచాల మోతలో మాట వినపడాలంటే మాస్కు దించి చెవి దగ్గర అరవాలి. వారం తిరగకుండా పెద్దబాపుకు జ్వరం పట్టుకుంది.

ఆయన భార్య కనకవ్వ పెద్దమ్మ మా గడప దగ్గరికి వచ్చి, దూరంగా నిలబడి అడిగింది. "విజయా, డాక్టరు అడుగుతున్నడు, కరోనా ఉన్నోళ్ళ పక్కకు పోయిండా అని. మీ ఆయనకొచ్చింది గదా. మా ఆయన దగ్గరికి గిట్ల వచ్చిండా?"

"లేదు పెద్దమ్మా, ఈయన దిన్‌పాళీ, పెద్దబాపు రాత్‌పాళీ. ఇద్దరు కలుసుకోనే లేదు," అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆమె అదే మాట డాక్టరుకు చెప్పింది. డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. ఐదు రోజులు సెలైన్ ఎక్కించాడు. ఆరో రోజు ఊపిరి అందకపోతే ఆటోలో వేసుకుని దవాఖానాలన్నీ తిరిగారు. బెడ్డు దొరకలేదు. ఆటోలోనే పోయాడు. లైనులో అందరం ఏడ్చాం. నేనూ ఏడ్చాను, ఏ మొహం పెట్టుకుని ఏడ్చానో నాకే తెలియదు.

మేలో అంబదాస్ కుడి కన్ను వాచింది. నాలుగు రోజుల్లో గుడ్డు బయటికి పొడుచుకొచ్చింది. ఒక్క సాంచా రెండుగా కనబడుతోందని పాళీ మధ్యలో ఇంటికి వచ్చేశాడు. సూరత్‌లో పెద్ద దవాఖానాకు తీసుకెళ్ళాను. అక్కడ గేటు దగ్గరే అడిగారు, కరోనా వచ్చిందా అని. ఫోనులో మెసేజ్ చూశారు. ఇంకేం అడగలేదు. బ్లాక్ ఫంగస్ అన్నారు, ఆ వార్డుకు పంపారు.

ఆ వార్డులో వరసగా మంచాలు, మంచానికొక కన్ను కట్టు. కరోనా తగ్గి ఇంటికి పోయినవాళ్ళే, బూజు ముక్కులో నుంచి కంటికి, కంటి నుంచి మెదడుకు ఎక్కుతోందట. సాయంత్రానికి స్కాన్ తీశారు, ఫంగస్ ఇంజెక్షన్ ఎక్కించారు. దానికి చలి పుట్టి పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే నేను ఆయన మీద పడుకుని పట్టుకున్నాను. పొద్దున ఒక చిన్న డాక్టరు కాగితం తెచ్చాడు. ఆపరేషన్‌లో ముక్కు లోపలంతా గీకి శుభ్రం చేస్తారు, కుడి కన్ను తీసేస్తారు, సంతకం పెట్టు అన్నాడు.

"కన్ను ఎందుకు తీస్తరు?" అని హిందీలో అడిగాను.

"ముక్కుకూ కంటికీ మధ్య ఉన్న ఎముకను ఫంగస్ తినేసింది. కన్ను ఉంచితే ప్రాణం పోతుంది."

"పరీక్షల ఫంగస్ కనబడ్డదా?"

"మొదటిసారి ఒక్కోసారి కనబడదు. టైం లేదు, సంతకం పెట్టు."

"షుగర్ లేదు ఈయనకు. ఆక్సిజన్ పెట్టలే. కరోనాకని ఒక్క ఇంజెక్షన్ పడలే."

"కరోనా వచ్చింది కదా," అన్నాడు, ఇక మాట్లాడటానికి ఏముంది అన్నట్టు.

ఆ కాగితం చూశాను. ఒక నూలు పోగు తెగితే పన్నెండు సాంచాల మధ్య నుంచి కనిపెట్టే కన్ను అది. కన్ను పోతే సాంచాల దగ్గరికి రానివ్వరు, ఆయనకు వేరే పని రాదు. నా నోరు దానంతటదే లేచింది. "రాలేదు! కరోనా ఈయనకు రాలేదు! ఆ ముక్కు ఈయనది కాదు!" అని వార్డంతా వినబడేటట్టు అరిచాను. చిన్న డాక్టరు నర్సు వైపు చూసి, ఇక్కడ అందరూ ఇలాగే అంటారు అన్నాడు. ఒళ్ళు తెలియలేదు నాకు. ఆ కాగితాన్ని నాలుగు ముక్కలుగా చింపాను. సెక్యూరిటీవాడు నా రెక్క పట్టుకున్నాడు. నేను వాడి చెయ్యి కొరికాను, దాని గురించి నాకేమీ సిగ్గు లేదు.

ఆ గోలకు ఒకామె వచ్చింది. పొట్టిగా, అరవై దగ్గర పడ్డ మనిషి, రెండు మాస్కుల మీద ప్లాస్టిక్ తెర, చెమటతో జుట్టంతా నుదుటికి అతుక్కుపోయి ఉంది. ముక్కు, గొంతు ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు హేతల్ దేశాయి. నన్ను వదలమంది. ఆమె గుజరాతీలో అడిగింది, నేను ఏడో క్లాసు దాకా ఇక్కడే చదివాను గనక గుజరాతీలోనే చెప్పాను.

"ముక్కు ఎప్పుడు మూసుకుపోయింది, చెల్లీ?"

"దీపావళికి."

ఆమె చేతిలోని స్కాన్ ఫిల్మ్ దించింది. "ఏ దీపావళి? ఆరు నెలల కిందటిదా?"

"అవును. కుడి వైపే. వాసన జనవరిలో పోయింది. రక్తం ఫిబ్రవరి నుంచి."

ఆమె చిన్న డాక్టరు వైపు తిరిగింది. ఆమెకు నాకంటే ఎక్కువ కోపం ఉందని అప్పుడు తెలిసింది. "ఇది ఎవరైనా అడిగారా? ఫంగస్ ఆరు నెలలు కూర్చుంటుందా? ఆరు రోజుల్లో మనిషిని తినేస్తుంది. ఒకే వైపు మూసుకుపోయింది, ఒకే వైపు రక్తం. ఎలర్జీకి, జలుబుకు కుడీ ఎడమా తెలియదు. ఈ మాట వినగానే గొట్టం పెట్టి చూడాలి. మీరు ఫోనులో మెసేజ్ చదివి కన్ను తీస్తున్నారు." అతను తల దించుకున్నాడు. రెండు రోజులుగా నిద్ర లేనట్టు ఎర్రగా ఉన్నాయి అతని కళ్ళు. అయినా నాకు జాలి కలగలేదు.

తర్వాత ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"నువ్వు చెప్పింది నిజమైతే ఇది ఫంగస్ కాకపోవచ్చు, లోపల ఏదో గడ్డ పెరుగుతోంది. అప్పుడు తొందరపడి గీకితే తప్పు. గడ్డ ఏదో తేల్చుకుని, దాని అంచులు చూసుకుని, పద్ధతిగా తియ్యాలి. కన్ను మిగలవచ్చు కూడా. కానీ కన్ను మీద ప్రేమతో అబద్ధం చెబుతున్నావనుకో. నేను ఆగిన ఈ ఒక్క రోజుతోనే మనిషి పోతాడు. కరోనా నిజంగా రాలేదా?"

"రాలేదు. ముక్కు ఇచ్చింది వేరేవాడు. ఇయ్యమన్నది నేను."

"వాణ్ణి తీసుకురా. నాకు వాడి నోటితో వినాలి."

చిరంజీవికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. పదకొండోసారి ఎత్తి, పాళీ ఉంది వదినా అన్నాడు. నేనన్న మాటలు ఇక్కడ రాయడానికి వీల్లేదు. మధ్యాహ్నానికి దవాఖానా గేటు దగ్గరికి వచ్చాడు గానీ లోపలికి అడుగు పెట్టలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"దొంగ సచ్చినోడా, లోపల అన్న కన్ను తీస్తున్నరు! నడువ్!"

"చెప్త వదినా. చెప్పనంటలేను. గని..." గోడ మీది సున్నం గోటితో గీకాడు. "నేను పాజిటివ్ అని చెప్తే, కనకయ్య పెద్దబాపు సంగతి గూడ చెప్పినట్టే గదా? నేను ఆయన పక్కన నాలుగు రాత్రులు గూసున్న. నా ఊపిరే ఆయనకు తాకింది. అది గూడ చెప్పాల్నా?"

నా అరికాళ్ళ నుంచి మంట లేచింది. అది వాడి మీద కాదు, కానీ ఎదురుగా వాడే ఉన్నాడు. చెంప మీద కొట్టాను. "గది ఎవరడిగిన్రు నిన్ను? కన్ను సంగతే చెప్పు. పెద్దబాపు పేరు ఎత్తినవంటే నాలుక కోస్త!"

వాడు చెంప తుడుచుకుని లోపలికి వచ్చాడు. దేశాయి మేడమ్ ముందు చేతులు కట్టుకుని, ఏ రోజు, ఏ పాళీ తర్వాత, ఎవరి పేరు మీద ముక్కు ఇచ్చాడో చెప్పాడు. ఆమె అంతా రాసుకుంది, వాడితో సంతకం పెట్టించుకుంది. మా ఆయన రక్తం తీసి కరోనా వచ్చి పోయిన గుర్తులున్నాయేమో చూపించింది. లేవు. ఆపరేషన్ లిస్టులో మా ఆయన పేరు మీద అడ్డంగా గీత కొట్టింది.

అప్పుడు, ఆరు నెలల తర్వాత, మొదటిసారి ఒక మనిషి మా ఆయన ముక్కు లోపలికి చూసింది. సన్నటి గొట్టం, చివర కెమెరా. టీవీ మీద నాకూ చూపించింది. నల్లగా కుళ్ళిందేమీ లేదు. ముక్కు కప్పు నుంచి వేలాడుతూ ఎర్రగా, నున్నగా ఒక గడ్డ. గొట్టం తగిలితే చాలు రక్తం చెమర్చింది. మరో పెద్ద స్కాన్ తీశాక, గడ్డలో నుంచి చిన్న ముక్క తీసి పంపింది. ఫంగస్ లేదని ఆ సాయంత్రమే తేలింది, ఇంజెక్షన్ ఆపేశారు. గడ్డ పేరు తేలడానికి మాత్రం ఆరు రోజులు పట్టింది.

పేరు చెప్పమంటే చెప్పింది. మూడుసార్లు చెప్పించుకున్నా నా నోటికి రాలేదు. ఫోనులో రాయించుకున్నాను. ఎస్థీసియో న్యూరోబ్లాస్టోమా. మనిషి నోరు తిరిగే పేరు కూడా పెట్టలేదు దానికి. వాసన తెలిసే నరాలు ముక్కు కప్పులో ఎక్కడ మొదలవుతాయో అక్కడ పుట్టే క్యాన్సర్ అట. లక్షల మందిలో ఒకరికి. ఆమె కూడా పద్దెనిమిదేళ్ళలో నలుగుర్నే చూసిందట.

"నలుగురూ బతికిన్రా?" అని అడిగాను.

"ముగ్గురు. నాలుగో ఆయన మూడేళ్ళు ఆలస్యంగా వచ్చాడు," అంది. అబద్ధం చెప్పనందుకు ఆమె మీద నాకు గౌరవం కలిగింది.

స్కాన్‌ను వెలుతురుకు పెట్టి వివరంగా చెప్పింది. ముక్కుకూ కంటికీ మధ్య కాగితమంత పల్చటి ఎముక ఉంటుంది. గడ్డ దాన్ని తోసేసింది. కానీ కంటి చుట్టూ ఉండే పొరను దాటలేదు. పొర బాగుంది గనక కన్ను ఉంటుంది. పైన ముక్కుకూ మెదడుకూ మధ్య ఉన్న ఎముకను మాత్రం గడ్డతో పాటు తియ్యాలి. ముఖం మీద కోత ఉండదు, అంతా ముక్కు రంధ్రంలో నుంచే. మెదడు డాక్టరు కూడా పక్కన ఉంటాడు. తీసిన చోట పడే చిల్లును తొడ నుంచి తీసిన పొరతో మూస్తారు.

"చీరకు రఫూ చేసినట్టు," అన్నాను.

"అంతే. కానీ ఈ రఫూ ఊడితే మెదడు నీళ్ళు ముక్కులో నుంచి కారతాయి," అంది.

జూన్ మొదటి వారంలో చేశారు. పొద్దున ఎనిమిదికి లోపలికి తీసుకెళ్ళి సాయంత్రం ఐదుకు బయటికి తెచ్చారు. మధ్యలో అంచుల ముక్కలు తీసి పరీక్షకు పంపి, గడ్డ ఆనవాలు లేదని తేలేదాకా ఇంకొంచెం ఇంకొంచెం తీస్తూ పోయారట. దేశాయి మేడమ్ బయటికి వచ్చి నా పక్కన బెంచీ మీద కూలబడింది. తెర కింద ఆమె ముఖం మీద మాస్కు గీతలు ఎర్రగా తేలి ఉన్నాయి. "కన్ను ఉంది," అంది. నేను ఆమె కాళ్ళు పట్టుకుంటే విదిలించుకుంది. "కాళ్ళు కాదు. రెండు వారాలు ముక్కు చీదనివ్వకు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మమను. ముక్కులో నుంచి తేటగా నీళ్ళు కారితే అప్పుడే పట్టుకురా."

నీళ్ళు కారలేదు. వాసన మాత్రం ఇక రాదు, ఆ నరాలే తీసేశారు. కన్ను మెల్లగా లోపలికి వెళ్ళింది. నెలకు రెండు బొమ్మలూ ఒకటయ్యాయి. జూలైలో కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, మొదలుపెట్టారు, వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు.

కన్ను దక్కినందుకు నేను సంతోషంగా ఉండాలి. ఉన్నాను. అయినా కోపం తగ్గలేదు. దుమ్ము అన్న డాక్టరు మీద కోపం. గెంటేసిన మాస్టరు మీద కోపం. ఫోను మెసేజ్ చూసి కన్ను తియ్యబోయినవాడి మీద కోపం. లైనులో ఎవరు ఎదురైతే వాళ్ళకు ఈ కథంతా చెప్పి వాళ్ళను తిట్టిపోసేదాన్ని. కనకవ్వ పెద్దమ్మ గది ముందు నుంచి మాత్రం తల వంచుకుని వెళ్ళేదాన్ని. చిరంజీవి మా ఇంటికి రావడం మానేశాడు. జూలై ఆఖరులో ఊరికి వెళ్ళిపోయాడని తెలిసింది. పిరికి వెధవ, చెప్పకుండా పారిపోయాడు అనుకున్నాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం పెద్దమ్మ మా గడప దగ్గరికి వచ్చింది. రమ్మంటే లోపలికి వచ్చింది గానీ కూర్చోలేదు. మా ఆయన ముఖాన్ని దగ్గరగా చూసింది.

"కన్ను మంచిగ కనవడుతున్నదా, అంబదాసూ?"

"కనవడుతున్నది పెద్దమ్మా."

"మంచిది బిడ్డా. సల్లగుండు," అంది. నిజంగానే అంది. తర్వాత నా వైపు తిరిగింది. "చిరంజీవి బండెక్కేముందు నా దగ్గరికొచ్చిండు. కాళ్ళ మీద పడి అంత చెప్పిండు."

నేను వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను.

"టైఫాయిడ్ అన్నరు గదా," అంది పెద్దమ్మ. "గంజి తప్ప ఏం పెట్టద్దన్నడు డాక్టరు. నాలుగో దినం ఆయన బువ్వ కావాలని ఒకటే పోరు. పాణం ఆగక చేపల పులుసేసి నాలుగు ముద్దలు పెట్టిన. రెండొద్దులకు పోయిండు. బువ్వ పెట్టి మా అన్నను చంపిందని మా మరిది అందరి ముంగట అన్నడు. ఇయ్యాల్టి దాకా మళ్ళ మాట్లాడలే. నేను గూడ గట్లనే అనుకున్న, విజయా. మూడు నెలల సంది ముద్ద నోట్లె పెట్టుకుంటే ఆ నాలుగు ముద్దలే యాదికొస్తయి."

ఆమె తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. నాకు తిట్లు తెలుసు, ఎదురు చెప్పడం తెలుసు. ఆమె కొంగు ముడి విప్పి చిన్న ఫోను తీసి నా చేతిలో పెట్టింది.

"మా మరిదికి చెయ్. మార్కండేయ అని ఉంటది సూడు. చిరంజీవి చెప్తనన్నడు, నేనే వద్దన్న. డాక్టరు అడిగిన సంగతి ఆనికి తెల్వది. నీకు తెలుసు. నువ్వు చెప్పు."

మా ఆయన ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. పని పోతుందని భయపడ్డాను, కార్ఖానాకు తాళం పడుతుందనుకున్నాను, పెద్దబాపుకు తగ్గిపోతుందనుకున్నాను, ఇవన్నీ నా నాలుక చివరి దాకా వచ్చాయి. పేరు వెతికి నొక్కాను.

"చెప్పు," అన్నాడు అవతలి మనిషి, ముభావంగా.

"పెద్దమ్మ కాదన్నా, నేను జోల్వాల ఆమె గదికి నాలుగో గది, విజయశ్రీని. మీ అన్న బువ్వ తిని సావలే. అది టైఫాయిడ్ కాదు, కరోనా. కరోనా ఉన్న పిలగాణ్ణి మా ఆయన పేరు మీద ముక్కు ఇయ్యనీకి పంపింది నేను. ఆ పిలగాడు మీ అన్న పక్కన గూసున్నడు. డాక్టరు అడుగుమన్నడని పెద్దమ్మ నా గడపలకొచ్చి అడిగింది. నేను చెప్పలే. చెప్తే డాక్టరు వేరే మందు ఇస్తుండె."

ఆయన నెమ్మదిగా అడిగాడు. "నీకు ఎప్పుడు తెలిసింది?"

పెద్దమ్మ నా ముఖంలోకే చూస్తోంది.

"ఆయన బతికున్నప్పుడే తెలుసన్నా," అన్నాను.